గుడి తాళం చెవి: మేరీల్యాండ్ దొర సెసిల్ కాల్వర్ట్ కథ



గల్ఫ్ నుండి సెలవు మీద కోరుట్లకు వచ్చిన మన విశ్వాసి ఒకరు ఈమధ్య నన్ను చూడటానికి వచ్చారు. మాటల మధ్యలో అక్కడి తొలి రోజులు గుర్తు చేసుకున్నారు. కంపెనీ ఇచ్చిన గదిలో ఎనిమిది మంది. అందులో క్రైస్తవుడు తానొక్కడే. రాత్రి దీపం ఆర్పేశాక మంచం మీద కూర్చుని, పెదవులు కదులుతున్న సంగతి కూడా పక్కవారికి తెలియనంత మెల్లగా జపమాల చెప్పుకునేవారట. వద్దని ఎవరూ అనలేదు. అయినా ఎవరి నిద్రా చెడకూడదు, ఎవరి నోటా ఒక మాట రాకూడదు అని ఆ జాగ్రత్త.

ఆయన వెళ్ళిపోయాక నాకు 1633వ సంవత్సరపు ఒక ఓడ గుర్తుకు వచ్చింది. ఆ ఓడలో ప్రయాణమయ్యే కతోలికులకు దానిని పంపిన దొర వ్రాతపూర్వకంగా ఇచ్చిన ఆజ్ఞ కూడా ఇలాంటిదే. మీ ఆరాధనలు వీలైనంత మరుగున చేసుకోండి, మతం గురించి వాదన పెట్టుకోకండి, తోటి ప్రయాణికులైన ప్రొటెస్టెంటుల మనసు నొప్పించకండి అన్నది దాని సారాంశం. విచిత్రం ఏమంటే ఆ దొర కూడా కతోలికుడే. ఓడను పంపింది అతనే, ఓడ చేరబోయే దేశం అతనిది. అతని పేరు సెసిల్ కాల్వర్ట్, రెండవ బాల్టిమోర్ దొర. అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రానికి మూలపురుషుడు.

మన జగిత్యాల ప్రాంతంలో దొర అనే మాట వింటే పెద్దవారికి గడీలు, వెట్టిచాకిరీ, 1978 నాటి జైత్రయాత్ర జ్ఞాపకం వస్తాయి. ఆ జ్ఞాపకాన్ని పక్కన పెట్టమని నేను అడగను. ఈ దొర కథలో కూడా అది మనకు పనికి వస్తుంది.

ముందు ఆ కాలపు ఇంగ్లండును కొంచెం తెలుసుకోవాలి. అక్కడ దేశానికి ఒకటే సభ, దానికి రాజే శిరస్సు. ఆ సభ ఆరాధనకు రాని కతోలికులకు నెలకు 20 పౌన్ల జరిమానా వేయవచ్చునని చట్టం ఉండేది. అది ఆస్తులు కరిగించే మొత్తం. విదేశంలో గురుపట్టం పొంది స్వదేశానికి తిరిగి వచ్చిన ఇంగ్లీషు గురువు రాజద్రోహి కింద లెక్క; శిక్ష మరణం. పునీత ఎడ్మండ్ కాంపియన్ 1581లో రాజద్రోహ నేరారోపణ మీద ప్రాణాలర్పించారు. సెసిల్ పుట్టింది 1605 ఆగస్టులో. అదే ఏడాది నవంబరులో కొందరు కతోలికులు పార్లమెంటును మందుగుండుతో పేల్చివేయాలని కుట్ర పన్ని పట్టుబడ్డారు. ఆ కొద్దిమంది పాపానికి మిగిలిన వారందరూ చాలా కాలం అనుమానితులయ్యారు.

సెసిల్ తండ్రి జార్జి కాల్వర్ట్ యార్క్‌షైర్ కతోలిక కుటుంబంలో పుట్టినవాడు. ఆయన చిన్నతనంలోనే అధికారులు ఆ కుటుంబాన్ని వేధించి ఇంగ్లండు సభకు లొంగదీశారు. జార్జి బాగా చదువుకుని, 1619లో రాజుకు ముఖ్య కార్యదర్శి అయ్యాడు. అంత పదవిలో ఉండి 1625లో తాను కతోలికుడినని చెప్పి రాజీనామా చేశాడు. రాజుకు ఆయన మీద ప్రేమ పోలేదు. ఐర్లండులో బాల్టిమోర్ దొర అనే బిరుదునిచ్చాడు. జార్జికి కొత్త లోకంలో ఒక నివాసం ఏర్పరచాలని కోరిక. మొదట న్యూఫౌండ్‌లాండ్‌లో ప్రయత్నించి, 1628లో కుటుంబంతో సహా వెళ్ళాడు. అక్కడి చలికి, జబ్బులకు జనం పడిపోయారు. మరుసటి సంవత్సరం దక్షిణాన వర్జీనియాకు వెళితే, రాజే సభకు శిరస్సు అని ప్రమాణం చేయమన్నారు. ఆయన చేయలేక తిరిగి వచ్చేశాడు. వర్జీనియాకు ఉత్తరాన భూమి ఇవ్వమని రాజును అడిగి, పట్టా మీద రాజముద్ర పడకముందే 1632 ఏప్రిల్‌లో కన్నుమూశాడు. జూన్ 20న ముద్ర పడింది, కుమారుని పేర. సెసిల్‌కు అప్పటికి 26 ఏళ్ళు.

ఆ పట్టా చదివితే ఆశ్చర్యం వేస్తుంది. ఆ ప్రాంతమంతటికీ సెసిల్ దాదాపు రాజుతో సమానం. చట్టాలు చేయవచ్చు (ప్రజల సమ్మతితో), న్యాయస్థానాలు పెట్టవచ్చు, భూములు పంచవచ్చు. దానికి రాజుకు కట్టవలసిన శిస్తు ఏడాదికి రెండు బాణాలు! ఆ దేశపు ఆదివాసులు వాడే బాణాలు రెండు ప్రతి సంవత్సరం ఈస్టరు వారంలో విండ్సర్ కోటకు చేర్చాలి. బంగారం, వెండి దొరికితే అందులో అయిదవ వంతు ఇవ్వాలి. బంగారం దొరకలేదు. ఆ దేశానికి మేరీల్యాండ్ అని రాణి హెన్రియెటా మరియ పేరు పెట్టారు. ఆమె ఫ్రాన్సు దేశపు కతోలిక రాకుమార్తె. మన విశ్వాసులు ఆ పేరు వినగానే దేవమాతను తలుచుకుంటే తప్పులేదు గానీ, చరిత్ర ప్రకారం అది రాణిగారి పేరు.

1633 నవంబరులో ఆర్క్, డవ్ అనే రెండు ఓడలు బయలుదేరాయి. సుమారు 140 మంది. పెట్టుబడి పెట్టిన పెద్ద కుటుంబాల వారిలో ఎక్కువమంది కతోలికులు; పనివారిలో, రైతులలో ఎక్కువమంది ప్రొటెస్టెంటులు. ఈ సంగతి గుర్తుంచుకోండి, కథ మొత్తం దీని మీదే నడుస్తుంది. ఏలేవారిది ఒక విశ్వాసం, ఎక్కువమంది జనానిది వేరొక విశ్వాసం. సెసిల్ మాత్రం ఓడ ఎక్కలేదు. పట్టాను రద్దు చేయించాలని లండన్‌లో శత్రువులు కాచుకుని ఉన్నారు గనుక తమ్ముడు లెనార్డ్‌ను గవర్నరుగా పంపి తాను ఉండిపోయాడు. ఆ తర్వాత 42 ఏళ్ళు బ్రతికాడు గాని తన దేశాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. ఉత్తరం చేరడానికి రెండు మూడు నెలలు పట్టేది. ఇంటి పెద్ద మస్కట్‌లో ఉండి, ఉత్తరాల మీద కోరుట్లలో పొలం, పిల్లల పెళ్ళిళ్ళు, అన్నదమ్ముల పంపకాలు నడిపిన రోజులు మీలో చాలామందికి తెలుసు. అదే విధంగా ఈయన ఒక దేశాన్ని నడిపాడు.

1634 మార్చి 25, మంగళవార్త పండుగ రోజున, సెయింట్ క్లెమెంట్స్ అనే చిన్న దీవిలో యేసుసభ గురువు ఆండ్రూ వైట్ దివ్యబలిపూజ సమర్పించారు. ఒక చెట్టును నరికి సిలువ చేసి నిలబెట్టారు. తర్వాత లెనార్డ్ అక్కడి యావోకోమికో ప్రజలకు గొడ్డళ్ళు, పారలు, బట్ట ఇచ్చి వారి గ్రామ భూమిని తీసుకున్నాడు. ఆ ఊరు సెయింట్ మేరీస్ అయింది. తుపాకితో కాకుండా బేరంతో మొదలైంది గనుక తొలి సంవత్సరాలు ప్రశాంతంగా గడిచాయి. ఫాదర్ వైట్ పిస్కాటవే ప్రజల భాష నేర్చుకుని ఆ భాషలో సత్యోపదేశం వ్రాశారు. 1640లో వారి పెద్ద కిట్టమాకుండ్ జ్ఞానస్నానం పొందాడు.

ఇప్పుడు నేను చెప్పదలచిన సంగతికి వస్తాను. హింసపడినవాడు సహనం కోరుకోవడం సహజం. పశువు కూడా దెబ్బ తప్పించుకోవాలనే చూస్తుంది. కర్ర తన చేతికి వచ్చాక ఏం చేశాడన్నదే మనిషిని చూపిస్తుంది. ఆ రోజుల్లోనే మసాచుసెట్స్‌లో స్థిరపడిన ప్యూరిటన్లు తమ విశ్వాసం కోసం ఇంగ్లండు విడిచి వచ్చినవారే. వారు 1635లో తమలోనే వేరుగా ఆలోచించిన రోజర్ విలియమ్స్‌కు దేశ బహిష్కారం విధించారు. 1660లో మేరీ డయర్ అనే క్వేకరు స్త్రీని బోస్టన్‌లో ఉరితీశారు. ఆకాశం మారింది గాని అలవాటు మారలేదు.

మేరీల్యాండ్‌లో ఏం జరిగింది? 1638లో విలియం లూయిస్ అనే కతోలికుడు యేసుసభ వారి తోటలో మేస్త్రీగా ఉండేవాడు. అతని కింద పనిచేసే ప్రొటెస్టెంటు పనివారు ఒక ప్రసంగాల పుస్తకాన్ని బిగ్గరగా చదివారు. అందులో పోపుగారిని క్రీస్తువిరోధి అని నిందించారు. లూయిస్‌కు మండింది. వారి బోధకులను తిట్టి, అలాంటి పుస్తకాలు చదవకూడదని కట్టడి చేశాడు. మనలో ఎవరమైనా అంతే చేసేవాళ్ళం అనుకుంటాను. తగవు గవర్నరు ముందుకు వచ్చింది. తీర్పు చెప్పినవారు కతోలికులే. తప్పు లూయిస్‌ది అన్నారు; 500 పౌన్ల పొగాకు జరిమానా. అక్కడ నాణేలు తక్కువ, పొగాకే డబ్బు. మన కోరుట్లలో బీడీలు చుట్టే అక్కచెల్లెళ్ళకు తంబాకు విలువ నేను చెప్పనక్కరలేదు. 500 పౌన్లంటే రెండు క్వింటాళ్ళ పైమాట. ఆ తోట గురువే లూయిస్ మాటతీరును తప్పు పట్టాడన్నది కూడా రికార్డులో ఉంది.

1642లో మరో తగవు. థామస్ జెరార్డ్ అనే పెద్ద భూస్వామి, కతోలికుడు, ప్రొటెస్టెంటులు ప్రార్థించుకునే చిన్న గుడి తాళం చెవి తీసుకుని, లోపలి పుస్తకాలు పట్టుకుపోయాడు. వారు శాసనసభకు ఫిర్యాదు చేశారు. సభ జెరార్డ్ తాళం చెవి, పుస్తకాలు తిరిగి ఇవ్వాలని తీర్పు చెప్పింది. ఆయనకూ 500 పౌన్ల పొగాకు జరిమానా. ఆ జరిమానా ఎవరికి? ఆ దేశానికి మొట్టమొదట రాబోయే ప్రొటెస్టెంటు బోధకుని పోషణకు!

ఇక్కడ నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. చాలా ఏళ్ళ క్రితం సిరిసిల్ల వైపు ఒక ఊళ్ళో, సాంచాల చప్పుడు వినిపించే సందులో, అందరూ తలా కొంత వేసుకుని కట్టుకున్న ఒక ప్రార్థన గది ఉండేది. మనవారు కొన్ని ఇళ్ళు, వేరే సభల వారు కొన్ని ఇళ్ళు. ఏదో మాట పట్టింపుతో ఒక క్రిస్మస్ ముందు మనవారు తాళం వేసుకున్నారు. చెవి మన పెద్ద ఒకరి ఇంట్లో ఉంది. అవతలి వారు నా దగ్గరకు వచ్చారు. మీలో మీరు చూసుకోండని పంపించాను. చెవి మన చేతిలో ఉంది గనుక నాకు తొందర లేకపోయింది. వాళ్ళు ఆ రాత్రి ఒకరి అరుగు మీద పాటలు పాడుకున్నారు. జెరార్డ్ తీర్పు చదివినప్పుడల్లా ఆ అరుగు కనిపిస్తుంది.

సెసిల్‌కు తన గురువులతో కూడా గొడవ తప్పలేదు. స్థానిక తెగ పెద్ద యేసుసభ వారికి నేరుగా కొంత భూమి ఇచ్చాడు. భూమి ఎవరికైనా తన ద్వారానే రావాలని, గురువులకు ప్రత్యేక మినహాయింపులు ఉండవని దొర పట్టుబట్టాడు. వారి స్థానంలో మేత్రాసన గురువులను పంపమని రోముకు విన్నవించుకున్నాడు. చివరకు యేసుసభ వారే తగ్గారు. గురువునైన నేను గురువుల పక్షాన మాట్లాడాలి. కానీ జనంలో ఎక్కువమంది ప్రొటెస్టెంటులైన దేశంలో గురువులకు ఒక చట్టం, ఇతరులకు ఒక చట్టం ఉంటే పట్టా నిలిచేది కాదని ఆయన చూసినది నిజం.

1645లో ఇంగ్లండు అంతర్యుద్ధం మేరీల్యాండ్‌ను తాకింది. రిచర్డ్ ఇంగిల్ అనే ఓడ కెప్టెన్ పార్లమెంటు పేరు చెప్పి సెయింట్ మేరీస్‌ను దోచుకున్నాడు. ఫాదర్ వైట్‌ను సంకెళ్ళతో ఇంగ్లండుకు పంపారు. గురువుగా దేశంలో అడుగుపెట్టాడన్న నేరారోపణకు, నా ఇష్టంతో రాలేదు, కట్టి తెచ్చారు అని వాదించి ఆయన ప్రాణం దక్కించుకున్నారు. లెనార్డ్ తిరిగి దేశాన్ని చేజిక్కించుకున్నాడు గాని 1647లో చనిపోయాడు. ఆయన ఆస్తి వ్యవహారం మార్గరెట్ బ్రెంట్ అనే కతోలిక స్త్రీకి అప్పగించి వెళ్ళాడు. జీతాలు లేక సిపాయీలు తిరగబడబోతే ఆమె దొరగారి పశువులను అమ్మి జీతాలిచ్చింది. 1648లో శాసనసభకు వెళ్ళి తనకూ ఓటు కావాలని అడిగింది; ఇవ్వలేదు. లండన్‌లో ఉన్న సెసిల్‌కు పశువులు పోయిన కోపమే మిగిలింది. దూరం నుండి ఇల్లు నడిపేవారికి ఇలాంటి పొరపాటు వస్తుంది. శాసనసభ మాత్రం ఆ పరిస్థితిలో దేశం ఆమె చేతిలో ఉన్నంత భద్రంగా ఇంకెవరి చేతిలోనూ ఉండేది కాదని దొరకు వ్రాసింది.

ఆ తర్వాత సెసిల్ చేసిన పని గమనించండి. 1648లో విలియం స్టోన్ అనే ప్రొటెస్టెంటును గవర్నరుగా నియమించాడు. వర్జీనియాలో ఇంగ్లండు సభ వారు వెళ్ళగొట్టిన ప్యూరిటన్లకు మేరీల్యాండ్‌లో భూములిచ్చాడు. 1649 ఏప్రిల్ 21న మతాన్ని గూర్చిన చట్టం శాసనసభలో నెగ్గింది. యేసుక్రీస్తును విశ్వసించేవారిని ఎవరినీ వారి మతం కారణంగా బాధించకూడదు, వారి ఇష్టం లేకుండా వేరే ఆరాధనకు బలవంతపెట్టకూడదు. మతం పేరుతో ఒకరినొకరు తిట్టుకునే మాటల జాబితా కూడా అందులో ఉంది. పాపిస్టు, జెస్విటు, ప్యూరిటన్, లూథరన్, విగ్రహారాధకుడు, ఇలా. ఎగతాళిగా అలా పిలిస్తే 10 షిల్లింగుల జరిమానా. అందులో సగం తిట్లు తిన్నవారికే. మరియమాతను దూషిస్తే మొదటిసారి 5 పౌన్లు. మనల్ని బొమ్మల మతం వాళ్ళని అనేవారు, మనం చప్పట్ల గుడి వాళ్ళని పిలిచేవారు, అందరూ ఆ చట్టం కిందకు వస్తే మన వీధుల్లో ఎన్ని షిల్లింగులు వసూలయ్యేవో!

సెసిల్‌ను పునీతుని చేయాలని నేను ప్రయత్నించడం లేదు. అదే చట్టం త్రిత్వాన్ని, క్రీస్తు దైవత్వాన్ని నిరాకరిస్తే మరణశిక్ష అన్నది. జాకబ్ లంబ్రోజో అనే యూదు వైద్యుడు 1658లో ఆ నేరం కింద పట్టుబడి, సాధారణ క్షమాభిక్ష రావడం వల్ల బ్రతికిపోయాడు. అక్కడి సహనానికి గోడ ఉంది, గోడకు అవతల మనుషులు ఉన్నారు. ఇంకొక గోడ రంగుది. ఫాదర్ వైట్‌తో పనివాడుగా వచ్చిన మతియాస్ డి సౌసా ఆఫ్రికా సంతతి గలవాడు. ఒప్పందం తీరి స్వతంత్రుడై, 1642లో శాసనసభలో కూర్చున్నాడు. 22 ఏళ్ళ తర్వాత, 1664లో, సెసిల్ ఏలుబడిలోనే, నల్లవారు జీవితాంతం బానిసలన్న చట్టం వచ్చింది. పొగాకు తోటలకు చేతులు కావలసి వచ్చాయి. యేసుసభ వారి తోటల్లోనూ బానిసలు పనిచేశారు. 1838లో వారిలో 272 మందిని లూసియానాకు అమ్మారు. ఇందుకే ఆరంభంలో వెట్టిని మరచిపోవద్దన్నాను.

చోటిచ్చిన ప్యూరిటన్లే 1654లో అధికారం చేజిక్కించుకుని ఆ చట్టాన్ని రద్దు చేసి, కతోలికులకు రక్షణ లేదన్నారు. 1655లో సెవర్న్ నది దగ్గర స్టోన్ సైన్యం ఓడిపోయింది; లొంగిపోయినవారిలో కొందరిని కాల్చి చంపారు. ఆ రోజు కూడా మార్చి 25, మంగళవార్త పండుగే. తొలి పూజకు సరిగ్గా 21 ఏళ్ళు. సెసిల్ లండన్‌లో కూర్చుని, రాజును చంపించిన క్రామ్‌వెల్ ప్రభుత్వంతోనే ఓపికగా వాదించి 1657లో దేశాన్ని తిరిగి పొందాడు. పగ తీర్చుకోవడానికి అదే సమయం. ఆయన ప్యూరిటన్ల భూములు వారికే వదిలిపెట్టి, 1649 చట్టాన్ని ఎన్నడూ తీసివేయనని మాట ఇచ్చాడు. బ్రతికినంత కాలం ఆ మాట నిలబెట్టుకున్నాడు.

1675 నవంబరు 30న ఆయన లండన్‌లో చనిపోయాడు. సెయింట్ గైల్స్ గుడి దగ్గర పాతిపెట్టారు. ఆరేళ్ళకు ఉరితీయబడిన పునీత ఆలివర్ ప్లంకెట్ దేహాన్ని కూడా మొదట అక్కడే భూస్థాపితం చేశారు.

1689లో మేరీల్యాండ్ ప్రొటెస్టెంటులు తిరుగుబాటు చేసి కాల్వర్ట్ కుటుంబపు ఏలుబడిని తొలగించారు. 1692లో ఇంగ్లండు సభ అధికారిక సభ అయింది. సెయింట్ మేరీస్‌లో కతోలికులు ఇటుకలతో కట్టుకున్న గుడికి 1704లో గవర్నరు జాన్ సీమోర్ తాళం వేయించాడు. చెవి షరీఫు దగ్గర ఉంచమన్నాడు. జరిమానా వేసేవారు ఈసారి ఎవరూ లేరు. తర్వాత ఆ గుడిని విప్పి ఇటుకలను యేసుసభ వారు తమ తోట ఇంటికి తరలించుకున్నారు. 1776 వరకు కతోలికులు ఇళ్ళలోని గదుల్లో, బయట పేరు లేకుండా, దివ్యబలిపూజ జరుపుకున్నారు. ఆ ఏడాది మేరీల్యాండ్ కతోలికుడు చార్లెస్ కారల్ అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేశాడు. 1789లో ఆయన బంధువు జాన్ కారల్ ఆ దేశపు మొదటి మేత్రాణులుగా నియమితులయ్యారు. ఆ పీఠం పేరు బాల్టిమోర్. సెయింట్ మేరీస్‌లోని ఇటుక గుడిని పాత పునాదుల మీదే తిరిగి కట్టి 2009లో తలుపులు తెరిచారు.